మధ్య గోడ ఎవరిది? తేల్చుకునే వరుస

2023 జూలైలో ఓరుగల్లు మీద కురిసిన వానలు ఇక్కడివారెవరూ మరిచిపోరు. హంటర్ రోడ్డు వైపు కాలనీలు, నయీంనగర్ నాలా పరిసరాలు నీట మునిగిన రోజులవి. హనుమకొండలో మా వీధి కాస్త మెరకలో ఉంది కాబట్టి ఇళ్లలోకి నీళ్లు రాలేదు. కానీ మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య ఉన్న ప్రహరీ గోడ నానీ నానీ ఒక రాత్రి పన్నెండు అడుగుల మేర వాళ్ల జామచెట్టు మీదికి ఒరిగిపోయింది. తెల్లవారాక గొడుగులు పట్టుకుని చెరోవైపు నిలబడ్డాం. పక్కింటి పెద్దాయన కాజీపేట రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, కోపం వచ్చినా గొంతు పెంచడు. "సార్, మీ గోడ మా చెట్టును విరిచింది" అన్నాడు. నేను పదకొండేళ్లుగా అది వాళ్ల గోడే అనుకుంటున్నాను.

ఆ గోడ సంగతి తేలేసరికి రెండు నెలలు పట్టింది. అందులో సగం రోజులు పనులు తలకిందుల వరుసలో చేసినందువల్లే పోయాయి. మీకు అలా కాకూడదని, ఏది ముందు, ఏది తర్వాత అన్నది రాస్తున్నాను.

ఒక అపోహ ముందే తీసేద్దాం. ఎడమవైపు గోడ మనది, కుడివైపు గోడ వాళ్లది అనే చట్టం మన దేశంలో లేదు. దక్షిణం, పడమర గోడలే ఇంటివారివని మా వీధిలో ఒకరు ఖాయంగా చెప్పారు. ఆ రెండు వైపులా గోడ ఎత్తుగా, బరువుగా ఉండాలని వాస్తు చెప్పేవారు అంటుంటారు కదా, ఈ మాట అక్కడినుంచే వచ్చి ఉంటుంది. ఇంకో ఆయన సరిగ్గా దీనికి తిరగేసి చెప్పారు. రెండిటికీ కాగితం మీద విలువ లేదు. ఇద్దరు ఇరుగుపొరుగుల మధ్య గోడ ఫలానావారే కట్టాలనే సాధారణ చట్టం కూడా లేదు. మీ గోడ ఎవరిదన్నది మీ కాగితాలు, మీ నేల, మీ మధ్య జరిగిన ఒప్పందం చెప్పాలి.

గోడ ఒరిగి ఉంటే ఇవేవీ ఆలోచించకముందే చేయాల్సిన పని ఒకటుంది. అటూ ఇటూ పిల్లలు తిరగకుండా తాడు కట్టి, కర్రలతో ఊతం పెట్టించండి. కూలిన ఇటుకలను ఎత్తించకముందు నాలుగు వైపులనుంచీ ఫొటోలు తీయండి. బునాది బయటపడి ఉంటే దానికి దగ్గరగా, టేపు పక్కన పెట్టి మరీ తీయండి. మట్టి తీసి చదును చేశాక ఆ సాక్ష్యం మళ్లీ దొరకదు. శిథిలమైన కట్టడం ప్రమాదకరంగా ఉంటే నోటీసు ఇచ్చే అధికారం నగరపాలక సంస్థకు ఉంది. అయితే ఆ నోటీసు గోడ ఎవరిదో తేల్చే తీర్పు కాదు.

ప్రశ్నను మూడుగా విడదీయండి

"ఈ గోడ ఎవరిది?" అని అడిగితే జవాబుకు బదులు జగడం వస్తుంది. ఆ ఒక్క మాటలో మూడు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. గోడ కింద నేల ఎవరిది? కట్టిన డబ్బు ఎవరిది? ఇప్పుడు బాగుచేయాల్సింది ఎవరు? నేను మూడోదాని గురించి మాట్లాడుతుంటే పెద్దాయన మొదటిదాని గురించి మాట్లాడాడు. మొదటి వారమంతా అలాగే గడిచిపోయింది.

గోడ మొత్తం మీ హద్దు లోపల ఉండి, దాన్ని మీరో మీకు ఇల్లు అమ్మినవారో కట్టి ఉంటే అది మీదే. నిలబెట్టుకోవడం, పడితే తీయించడం, మీ నిర్లక్ష్యం వల్ల అది పడి పక్కవారికి నష్టం జరిగితే భరించడం, అన్నీ మీ మీదే పడతాయి. పెత్తనం కూడా మీదే. పక్కవారు దానికి మేకు కొట్టాలన్నా, రేకుల షెడ్డు ఆనించాలన్నా మిమ్మల్ని అడగాలి. గోడ సరిగ్గా హద్దు మీద సగం ఇటు, సగం అటు ఉండి, ఇద్దరూ ఖర్చు పెట్టుకున్నదైతే అది ఉమ్మడి గోడ. రెండోవారి సమ్మతి లేకుండా ఒకరే దాన్ని కూల్చకూడదు, తమకోసం ఎత్తు పెంచుకోకూడదు. మరమ్మతు ఇద్దరిదీ. చిక్కంతా మూడో రకంతో: నేల ఒకరిది, కట్టింది ఇంకొకరు. అక్కడ ముందు హద్దు తేలాలి, గోడ సంగతి ఆ తర్వాతే.

ఇంత చిన్న నేలకు ఇంత పట్టుదల దేనికంటారా? లెక్కేయండి. 60 అడుగుల పొడవున 9 అంగుళాల మందం గోడ ఆక్రమించే నేల 45 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 5 గజాలు. గోడ మొత్తం మీ వైపే ఉంటే ఆ 5 గజాలూ మీ ఖాతాలోవి. హద్దు మీద ఉంటే చెరి రెండున్నర. మీ వాడలో గజం ఎంత పలుకుతుందో దాంతో గుణిస్తే ఎదుటివారి కోపానికి కారణం తెలుస్తుంది. ఆ రెండున్నర గజాల కోసం ఏళ్ల తరబడి వకీలు ఫీజులు కట్టడం గిట్టుబాటు అవునో కాదో కూడా ఆ లెక్కలోనే కనిపిస్తుంది.

కాగితాలు: షెడ్యూలు చదవండి

పక్కింటివారితో మాట కలపకముందే మీ దస్తావేజు బయటికి తీయండి. ఇల్లు కొన్నప్పుడు పేర్లు, సంతకాలు చూసి బీరువాలో పెట్టేస్తాం. ఇప్పుడు కావలసింది షెడ్యూలు. అందులో నాలుగు వైపుల హద్దులు, ఒక్కోవైపు కొలత, మొత్తం చదరపు గజాలు ఉంటాయి. "తూర్పు: ప్లాటు నంబరు 14" అని మాత్రమే రాసి ఉంటే గోడ గురించి అది ఏమీ చెప్పనట్టే. "ఉమ్మడి గోడ", "సొంత గోడ", "ప్రహరీ గోడతో సహా" అనే మాటలు ఉన్నాయేమో చూడండి. అన్నదమ్ముల భాగపంపకాల దస్తావేజుల్లో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. ఒకే ఇంటిని రెండు చేసేటప్పుడు మధ్య గోడ గురించి రాయకుండా కుదరదు మరి.

మీ దస్తావేజులో ఏమీ లేకపోతే లింకు దస్తావేజులు చూడండి, అంటే మీకు అమ్మినవారు కొన్న కాగితం, వారికి అమ్మినవారి కాగితం. అవి చేతిలో లేకపోతే ఈసీ, అంటే ఆస్తిపై నమోదైన లావాదేవీల జాబితా, తీయించి, అందులోని దస్తావేజు నంబర్లతో సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టవచ్చు. పక్కవారి దస్తావేజుకూ ఇదే దారి. స్థిరాస్తుల దస్తావేజులు నమోదయ్యే మొదటి పుస్తకాన్ని రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు అని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమే చెబుతోంది. పక్కవారిని అడిగి చూడటం మర్యాద. అడిగితే గొడవ ముదురుతుందనిపిస్తే నకలు తీసుకోండి.

నా సంగతి ఇక్కడే మలుపు తిరిగింది. నా కాగితంలో గోడ ఊసే లేదు. పెద్దాయన 1994లో కొన్న దస్తావేజులో మాత్రం పడమర హద్దు దగ్గర "ప్లాటు నంబరు 7, ఉమ్మడి గోడ" అని ఉంది. ఆ ప్లాటు మాదే. ఒకరి దస్తావేజులో రాసుకున్న మాట రెండోవారిని కట్టిపడేయదు. కానీ రాయించుకున్నవారికి వ్యతిరేకంగా అది గట్టిగానే పనిచేస్తుంది. పెద్దాయన కళ్లద్దాలు తెచ్చుకుని ఆ ఒక్క పంక్తిని రెండుసార్లు చదివాడు. "ఇరవై తొమ్మిదేళ్లు బీరువాలో పెట్టుకున్నాను, ఒక్కసారీ చదవలేదు" అన్నాడు.

పాతబస్తీల్లో, మట్టెవాడ వంటి చోట్ల నిజాం కాలం నాటి కాగితాలు ఉర్దూలో ఉంటాయి. చదివించుకోవడానికి మనిషి కావాలి, కానీ హద్దుల మాటలు తెలిసి ఉంటే మంచిది: మష్రిఖ్ అంటే తూర్పు, మగ్రిబ్ అంటే పడమర, షుమాల్ ఉత్తరం, జునూబ్ దక్షిణం. చదివిపెట్టేవారు తూర్పును పడమర చేసినా గుర్తుపట్టగలుగుతారు.

ఇంకొకటి గుర్తుంచుకోండి. దస్తావేజులో రాసిన గజాలకూ, అదే దస్తావేజులో రాసిన హద్దులకూ పొంతన కుదరకపోతే కోర్టులు సాధారణంగా హద్దులకే విలువ ఇస్తాయి. "నాకు 200 గజాలు రావాలి, 196 వచ్చాయి, కాబట్టి మిగతా 4 పక్కవారు మింగారు" అనే వాదన అందుకే అంత తేలిగ్గా నిలబడదు.

కొలత: మీ ప్లాటు కాదు, వరుస మొత్తం

నేను చేసిన పెద్ద తప్పు ఇదే. ఒక ఆదివారం పొద్దున టేపు తీసుకుని, మా అబ్బాయి ఒక కొస పట్టుకోగా, మా ప్లాటు వెడల్పు కొలిచాను. 30 అడుగులు ఉండాల్సింది 29 అడుగుల 9 అంగుళాలే ఉంది. మూడంగుళాలు దొరికిపోయాయనుకున్నాను, దొంగను పట్టుకున్నంత సంబరం. సాయంత్రం పెద్దాయన తన ప్లాటు కొలుచుకున్నాడు. ఆయనకూ 29 అడుగుల 9 అంగుళాలే!

తర్వాత సర్వేయరును పిలిపిస్తే, ఆయన మా రెండు ప్లాట్ల జోలికే వెళ్లలేదు. వీధి ఈ చివర రోడ్డు మలుపు నుంచి ఆ చివర దాకా వరుసలో ఉన్న ఆరు ప్లాట్లనూ కలిపి కొలిచాడు. లేఅవుటు నక్ష ప్రకారం 180 అడుగులు ఉండాలి. నేల మీద ఉన్నది 178 అడుగుల 6 అంగుళాలు. పద్దెనిమిది అంగుళాలు అసలు నేల మీదే లేవు. ఆరుగురికీ మూడేసి అంగుళాలు తక్కువ. ఎవరూ ఎవరిదీ మింగలేదు, ఎప్పుడో లేఅవుటు వేసినవారు గొలుసు సరిగా లాగలేదు. అంతే.

కాబట్టి కొలిచే ముందు లేఅవుటు నక్ష సంపాదించండి. 'కుడా' (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉన్న లేఅవుటైతే ప్లాట్ల కొలతలు అందులో స్పష్టంగా ఉంటాయి. పాత గ్రామ పంచాయతీ లేఅవుట్లలో నక్ష ఒక తీరు, నేల ఒక తీరు ఉండటం మామూలే. కదలని గుర్తు నుంచి కొలత మొదలుపెట్టండి: మిగిలి ఉన్న హద్దు రాయి, పార్కు మూల, అటువంటిది. ఎదుటింటి మెట్లు రోడ్డు మీదికి వచ్చి ఉంటాయి, వాటిని నమ్మకండి. గుడ్డ టేపు సాగుతుంది, స్టీలు టేపు వాడండి. నాలుగు వైపులే కాకుండా మూలకు మూల కర్ణాలు కూడా కొలవండి. దీర్ఘచతురస్రం కావాల్సిన ప్లాటులో రెండు కర్ణాలూ సమానంగా లేకపోతే అది ఓ పక్కకు వాలిందన్నమాట. అప్పుడు ముందువైపు కొలత ఒప్పుగా ఉన్నా గోడ పెరట్లో పక్కకు జరిగి ఉండవచ్చు. అడుగులు గజాల్లోకి మార్చడానికి 9తో భాగించండి: 30 × 60 అంటే 1,800 చదరపు అడుగులు, 200 గజాలు.

సర్వేయరును పిలిచే రోజు పక్కవారు కూడా ఉండాలి, కుదిరితే ఖర్చు చెరిసగం పెట్టుకోవాలి. మీరొక్కరే పిలిపించిన సర్వేయరు ఎంత సరిగా కొలిచినా మీ మనిషే అవుతాడు. లైసెన్సు ఉన్నవారినే పిలవండి. కొలతల నక్ష మీద ఆయన సంతకం, తేదీ, మీ ఇద్దరి సంతకాలు తీసుకోండి.

గోడను చదవండి

కాగితం మాట్లాడకపోతే గోడ మాట్లాడుతుంది, కాస్త గొణుగుతుంది గానీ. మా దగ్గర ప్రహరీలు ఎక్కువగా నాలుగున్నర అంగుళాల గోడ, పది పన్నెండు అడుగులకో తొమ్మిదంగుళాల పిల్లరు పద్ధతిలో కడతారు. ఒక ఇంటివారు తమ హద్దు లోపల కట్టుకుంటే గోడ బయటి ముఖం హద్దుకు సమంగా, నున్నగా ఉంటుంది, పిల్లర్ల ఉబ్బు తమవైపు వస్తుంది. పిల్లరు ఉబ్బు పక్కవారి నేలలోకి పొడుచుకొస్తే వారు ఊరుకోరు కదా. రెండువైపులా ఉబ్బు ఉంటే ఇద్దరూ కూడబలుక్కుని కట్టి ఉండే అవకాశం ఎక్కువ.

గోడ పైన సిమెంటు కప్పు (కోపింగు) ఏ వైపుకు వాలిందో చూడండి. వాన నీళ్లు తన పెరట్లోనే పడేలా వాలు ఇవ్వడం మంచి మేస్త్రీల అలవాటు. పూత ఏ వైపు ఉంది? ఒకవైపు నున్నటి ప్లాస్టరింగు, రెండోవైపు ఇటుక అతుకుల్లోంచి సిమెంటు కారి గడ్డకట్టి ఉంటే, మేస్త్రీ ఆ రెండోవైపు నేలలోకి వెళ్లి పనిచేయలేకపోయాడన్నమాట. వీధివైపు గోడతో కలిసే మూల ఇంకా బాగా చెబుతుంది. ఇటుకలు ఒకదానిలోకి ఒకటి పళ్లలా చొచ్చుకుని ఉంటే ఆ రెండు గోడలూ ఒకేసారి లేచాయి. అతుకు నిటారుగా గీత గీసినట్టు చీలి ఉంటే పక్కగోడ తర్వాత వచ్చి చేరింది. మా గోడ పెద్దాయన వీధిగోడతో పళ్లు కలిపి ఉంది, మా వీధిగోడ దగ్గర నిటారు చీలిక. కట్టించింది వాళ్లవైపువారేనని దానితో తేలింది. కానీ పిల్లర్లు రెండువైపులా ఉబ్బి ఉన్నాయి. అంటే కట్టించింది వారు, నేల ఇద్దరిదీ.

బునాది బయటపడి ఉంటే అదీ కొలవండి. పైన నాలుగున్నర అంగుళాలున్న గోడకు కింద రాతి బునాది అడుగున్నర, రెండడుగులు ఉంటుంది. గోడ మీ హద్దు లోపలే ఉన్నా బునాది పక్కకు చొచ్చుకుని ఉండవచ్చు. రేపు పక్కవారు సంపు తవ్వేటప్పుడు మొదటి తగాదా అక్కడే వస్తుంది. ఆ తవ్వకం గురించి ఒక మాట. పక్కనేల ఆసరా లేకుండా మీ నేల జారిపోకుండా ఉండే హక్కు మీకు సహజంగానే ఉంది. ఆ నేల మీద కట్టిన గోడకు అలాంటి ఆసరా హక్కు మాత్రం 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం 20 ఏళ్ల నిరాటంక అనుభవం తర్వాతే వస్తుంది. కిటికీల వెలుతురు, గాలికీ అదే 20 ఏళ్లు.

రాతి కడీలు నాటి తీగ లాగిన కంచెలకు ఈ గుర్తులేవీ పనికిరావు. కడీలు ఎవరివైపు, తీగ ఎవరివైపు అన్నదాన్ని బట్టి తీర్మానించేవారు ఉన్నారు గానీ, నేను దానికి పెద్ద విలువ ఇవ్వను. తీగ బిగించే కూలీ తనకు వీలైన వైపు నిలబడి బిగిస్తాడు.

తెలిసినవారిని అడగండి

ఇది చిన్న పనే, మానకండి. పాత మేస్త్రీ, మీకు ఇల్లు అమ్మినవారు, ఎదురింటి ముసలమ్మ, వీరిలో ఒకరికి గుర్తుంటుంది. "గోడ ఎవరిది?" అని అడగకండి, "ఇటుక ఎవరింటి ముందు దింపారు?" అని అడగండి. మా ఎదురింటి అవ్వకు కట్టిన సంవత్సరం గుర్తులేదు గానీ, ఇటుకల లారీ వచ్చిన రోజు తన కోడలి సీమంతమని, లారీ దారికి అడ్డంగా ఉందని ఇప్పటికీ కోపంగా ఉంది. లారీ ఆగింది పెద్దాయన ఇంటి ముందే.

ఇప్పుడు మాట్లాడండి

ఇవన్నీ చేతిలో పెట్టుకుని వెళ్లండి, ఊరికే కాదు. వెళ్లేది పొద్దున టీ వేళకు, మీరొక్కరే వెళ్లండి. బావమరిదినీ, వకీలు స్నేహితుడినీ వెంటబెట్టుకుంటే ఆ ఇంట్లోనూ ఎవరో ఒకరికి కబురు వెళుతుంది. "మీరు మా నేలలోకి వచ్చారు" అని మొదలుపెట్టకండి. "అన్నా, ఈ కాగితం నాకు అర్థం కాలేదు, ఒకసారి చూస్తారా" అంటే ఆయన కాగితం చూస్తాడు. నింద వేస్తే మీ ముఖం చూస్తాడు.

కుదుర్చుకోవడానికి మామూలుగా మూడు దారులు. ఒకటి, గోడ ఎక్కడుందో అక్కడే, ఖర్చు చెరిసగం. రెండు, ఒకరు మొత్తం తన హద్దు లోపల తన ఖర్చుతో కట్టుకోవడం, అప్పుడు అది పూర్తిగా వారిదే. మూడు, ఎవరి గోడ వారు కట్టుకోవడం. మూడోది పౌరుషానికి బాగుంటుంది గానీ, మధ్యలో మిగిలే అరడుగు సందులో చెత్త చేరుతుంది, నీళ్లు నిలుస్తాయి, రెండు గోడలూ కింద నుంచి నానిపోతాయి. ఆ సందు ఊడ్వడానికి మనిషి పట్టడు. దాన్ని ఆఖరి దారిగానే ఉంచుకోండి.

చెరిసగం అన్నప్పుడు ఏ గోడకు సగం అన్నది ముందే తేల్చుకోండి. పెద్దాయనకు అయిదడుగుల సాదా గోడ చాలు. మాకు కుక్క ఉంది, ఏడడుగులు కావాలి. అయిదడుగుల వరకు ఖర్చు సగం సగం, పై రెండడుగుల ఖర్చు నాది, అయినా మొత్తం గోడ ఉమ్మడి అని రాసుకున్నాం. జామచెట్టు సంగతి విడిగా తేలింది. విరిగిన కొమ్మ ఎటూ మా వైపే వంగి ఉండేది, కాయలు మేం తిన్నవే!

రాసుకోండి

మాట మీద ఆగిపోతే మీ ఇద్దరి వరకు చాలు, కానీ ఇళ్లు చేతులు మారతాయి. స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసుకోండి. అందులో రెండు ఇళ్ల నంబర్లు, గోడ పొడవు, మందం, ఎత్తు, అది హద్దుకు ఎటు ఎంత ఉందో, ఎవరు ఎంత ఖర్చు పెట్టారో, రేపు మరమ్మతు వస్తే ఎవరెంతో ఉండాలి. సర్వేయరు నక్ష జత చేయండి. ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి.

ఒక జాగ్రత్త. ఈ కాగితంలో హద్దు ఎక్కడుందో, గోడ ఎవరిదో రాసుకోవచ్చు. "నా అరగజం మీకు ఇస్తున్నాను, బదులుగా మీ అరగజం నాకు" అని నేల ఇచ్చిపుచ్చుకుంటే మాత్రం స్టాంపు కాగితం చాలదు. వంద రూపాయలు, ఆపై విలువున్న స్థిరాస్తి హక్కు చేతులు మారితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ వంద 1908 నాటి వందే, ఇప్పటికీ మారలేదు. కాబట్టి చిటికెడు నేలకైనా అది వర్తిస్తుంది.

ఊళ్లో, పొలం దగ్గర

హసన్‌పర్తి అవతల, పరకాల వైపు, కరీంనగర్ జిల్లాలో పొలాల మధ్య తగాదా గోడ గురించి కాదు, గెట్టు (పొలం గట్టు) గురించి. గెట్టు చెక్కడం అనే మాటే ఉంది: ఏటా దుక్కికి నాలుగు వేళ్ల వెడల్పున గెట్టును తమవైపు నుంచి కోసుకుంటూ పోవడం. అక్కడ టేపు పనికిరాదు. సర్వే రికార్డు కావాలి: గ్రామ నక్ష, ఆ సర్వే నంబరు టిప్పన్ (కొలతల పటం). టిప్పన్‌లో గొలుసు కొలతలు ఉంటాయి. 33 అడుగుల చదరం ఒక గుంట, 121 గజాలు, 40 గుంటలు ఎకరం అన్న లెక్క తెలిస్తే సర్వేయరు మాట మీకు అర్థమవుతుంది. సర్వే శాఖ చేత హద్దు చూపించుకోవడానికి మీసేవలో ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టాలి, పక్క రైతులకు నోటీసులు వెళతాయి. 2025 ఏప్రిల్‌లో భూ రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. పాస్‌బుక్కులో విస్తీర్ణం సరిగా ఉన్నంత మాత్రాన గెట్టు సరైన చోట ఉందని కాదు. ఇళ్ల దగ్గర గ్రామకంఠం నేలకు విడి సర్వే కొలతలు ఉండకపోవడం మామూలే కాబట్టి అక్కడ పాత దస్తావేజు, పెద్దమనుషుల జ్ఞాపకం, నిలిచి ఉన్న గోడ, ఈ మూడే ఆధారాలు.

కుదరకపోతే

పోలీసు స్టేషనుకు వెళ్లి హద్దు తేల్చమనకండి. అది వారి పని కాదు. రాత్రికి రాత్రి గోడ కూల్చడం, కొట్టడం, బెదిరించడం జరిగితే మాత్రం వెంటనే ఫిర్యాదు ఇవ్వండి. మీ అనుభవంలో ఉన్న నేల నుంచి చట్టబద్ధ మార్గంలో కాకుండా మిమ్మల్ని తోసేస్తే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద ఆరు నెలల్లోగా దావా వేసి, హక్కు ఎవరిదన్న చర్చ లేకుండానే స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఆ ఆరు నెలలు దాటనివ్వకండి.

కోర్టుకు ముందు ఒక మెట్టుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దావాకు ముందు దశలోనే దరఖాస్తు పెట్టవచ్చు. వారు రెండోవారిని పిలిచి లోక్ అదాలత్‌లో రాజీ కుదిర్చే ప్రయత్నం చేస్తారు. కోర్టు ఫీజు ఉండదు. కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీకి ఉన్న విలువ ఉంటుంది, దానిపై అప్పీలు లేదు. రెండోవారు ఒప్పుకుంటేనే ఇది సాగుతుంది.

అక్కడా కాకపోతే సివిల్ కోర్టు. గోడ లేవకముందే ఆపాలంటే నిషేధాజ్ఞ కోరాలి. హద్దు ఎక్కడో తేలాలంటే ఒక న్యాయవాదిని కమిషనర్‌గా పంపి కొలిపించమని కోర్టును అడగవచ్చు, సర్వేయరు సాయంతో ఆయన నివేదిక ఇస్తారు. మీ నేల మీద పక్కవారు గోడ కట్టేసి ఉంటే, హక్కు ఆధారంగా స్వాధీనం కోరడానికి లిమిటేషన్ చట్టం 12 ఏళ్ల గడువు పెట్టింది. కళ్ల ముందే గోడ లేస్తుంటే మొహమాటానికి ఊరుకునేవారు ఈ గడువును మనసులో పెట్టుకోవాలి. కనీసం ఆ రోజే స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపి రసీదు దాచుకోండి.

మా గోడ ఆ ఏడు దసరాకు ముందు లేచింది. ఒప్పందం రెండు అసలు ప్రతులు రాయించాం. ఒకటి ఆయన బీరువాలో, ఒకటి మా బీరువాలో, దస్తావేజు కవరులోనే ఉన్నాయి. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారి దస్తావేజు షెడ్యూలులో "తూర్పు: ప్లాటు నంబరు 8, ఉమ్మడి గోడ" అని రాయించాలి. మా పాత ఒప్పందం కొత్త యజమానిని తనంతట తాను కట్టిపడేయదు కాబట్టి ఆ నాలుగు మాటలూ మరిచిపోకూడదని కవరు మీదే పెన్నుతో రాసిపెట్టాను.